పిల్లల ఒంట్లోకి సీసం చేరకుండా ఐరన్, కాల్షియం ఎలా వాడాలి: గోదావరి జిల్లాల అమ్మానాన్నలకి పూర్తి గైడ్

ఈమధ్య మా మెడికల్ షాపుకొచ్చి "పిల్లోడి ఒంట్లో ఉన్న మెటల్స్ అన్నీ లాగేసే డ్రాప్స్ ఉన్నాయా అండి" అని అడిగేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. ఎవరో రీల్ చేస్తారు, చిన్న సీసాలో పచ్చటి ద్రవం, రోజూ పది చుక్కలు వేస్తే సీసం, పాదరసం అన్నీ మూత్రంలో పోతాయని, కింద ఆర్డర్ లింకు. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాదు, అయినా ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగానే చెప్తాను, అలాంటి డ్రాప్స్ పిల్లల మీద పనిచేసినట్టు రుజువు లేదు, కొనొద్దు. అలాగని ఈ విషయంలో సప్లిమెంట్లకి అసలు పనే లేదా అంటే ఉంది, కాకపోతే ఆ వీడియోలో చెప్పే పని కాదు.

జరిగేది ఏంటంటే, చిన్నపిల్లల పేగు ఐరన్‌ని, కాల్షియంని లోపలికి తీసుకునే దారుల్లోంచే సీసం కూడా దూరిపోద్ది. ఒంట్లో ఐరన్ తక్కువైతే ఎలాగైనా ఐరన్ సంపాదించాలని శరీరం ఆ దారులు ఇంకా బార్లా తెరుస్తది, అప్పుడు సీసానికి పండగే. పెద్దవాళ్ళు మింగిన సీసంలో 10 శాతం లోపు ఒంటికి పడితే చిన్నపిల్లలకి 40, 50 శాతం దాకా పడద్ది. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుతాం చూడండి, ఐరన్, కాల్షియం చేసే పని అదే, సీటు ఖాళీగా లేకుండా చూడటం. అప్పటికే కూర్చున్నోణ్ణి లేపి దింపడం వాటి వల్ల కాదు.

కాబట్టి లోపం ఉన్న పిల్లలకే వీటివల్ల లాభం. బెంగళూరులో ఐరన్ తక్కువున్న స్కూలు పిల్లలకి 16 వారాలు ఐరన్ కలిపిన అన్నం పెట్టి చూస్తే రక్తంలో సీసం ఎక్కువున్న పిల్లల సంఖ్య సగానికి పైగా తగ్గింది, 2006లో వచ్చింది ఆ అధ్యయనం. అదే అమెరికాలో సీసం ఎక్కువున్న చిన్నపిల్లలకి కాల్షియం ఇచ్చి చూస్తే డమ్మీ మందు ఇచ్చినవాళ్ళకీ వీళ్ళకీ తేడా రాలేదు, అది 2004లో. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇదే చెప్తంది, పదేళ్ళలోపు పిల్లలకి రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉండి, తిండిలో ఐరన్ గానీ కాల్షియం గానీ సరిపోకపోతే అప్పుడు సప్లిమెంట్ ఇవ్వమని. అందరికీ పొయ్యమని ఎక్కడా లేదు.

ఇది మనకెందుకులే అనుకోకండి. యూనిసెఫ్ 2020 అంచనా ప్రకారం మన దేశంలో 27 కోట్ల మందికి పైగా పిల్లల రక్తంలో సీసం ఆ 5 దాటి ఉంది. ఇంకోపక్క జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో ఆంధ్రాలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 63 శాతానికి రక్తహీనత అని తేలింది. రెండూ కలిపి చూడండి, సీట్లన్నీ ఖాళీగా ఉన్న బస్సు మన పిల్లలది.

మొదటి మెట్టు: సీసం ఎక్కణ్ణించి వస్తందో పట్టుకోవడం

ఇది చెయ్యకుండా సిరప్ పోస్తే డబ్బులు దండగ. పెట్రోల్లో సీసం 2000లోనే ఆపేశారు, పెయింట్లలో 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదని 2017 నవంబర్ నుంచి రూలు ఉంది, కానీ మన పాత పెంకుటిళ్ళ తలుపులకి, కిటికీ ఊచలకి, ఉయ్యాల బల్లలకి ఉన్నది అంతకు ముందు వేసిన రంగే కదా. అది పెచ్చులూడుతుంటే పాకే పిల్లలు ఆ చేతులు నోట్లో పెట్టుకుంటారు. పెచ్చులూడే చోట పొడిగా గోకొద్దు, గరుకు కాగితం పెట్టి అరగదీయొద్దు, ఆ దుమ్మే విషం. తడిగుడ్డతో తుడవండి, నేల కూడా చీపురుతో దుమ్ము లేపేకన్నా తడిబట్ట పెట్టడం మేలు.

తర్వాత మన ఏరియాకే ప్రత్యేకం ఒకటుంది, వల. విసురు వల అంచుకి కట్టే గుళ్ళు సీసంవే. నరసాపురం, అంతర్వేది, యానాం, కాకినాడ తీరం పొడుగునా చేపలు పట్టే ఇళ్ళలో వల వసారాలో ఆరేసి ఉంటది, పిల్లలు ఆ గుళ్ళతోనే ఆడతారు, నోట్లో పెట్టుకుంటారు, కొందరైతే పాత సీసం ఇంటి దగ్గరే కరిగించి కొత్త గుళ్ళు పోసుకుంటారు. ఆ పొగ పీల్చడం అన్నిటికన్నా ప్రమాదం. ఇంటి దగ్గర కరిగించడం ఆపెయ్యాలి, వల పిల్లలకి అందని ఎత్తులో పెట్టాలి, వల ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడిగాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. బ్యాటరీ షాపులో, రేడియేటర్ రిపేర్లో, సోల్డరింగ్ పనిలో ఉన్న నాన్నలకీ ఇదే మాట, పని బట్టలతో వచ్చి పిల్లోణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, ఆ బట్టలు విడిగా ఉతకాలి.

వంటింటికి వస్తే, తుక్కు కరిగించి పోసిన చవక సిల్వర్ గిన్నెల్లోంచి సీసం దిగుద్ది, చింతపండు పులుసు లాంటివి అందులో మరిగిస్తే ఇంకా దిగుద్ది. మనకేమో పులుసు లేందే పూట గడవదు. పిల్లలికి వండేది స్టీలులో వండండి, అంతే. ఇత్తడి గిన్నెకి కళాయి వేయించేటప్పుడు తగరంలో సీసం కలుపుతున్నాడేమో గట్టిగా అడగాలి, నమ్మకం లేకపోతే ఆ గిన్నె పూజకి పెట్టుకోండి. పసుపు లూజుగా మెరిసిపోతూ ఉన్నది కొనొద్దు, రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు కలిపే మోసం ఉంది, మసక మసకగా ఉన్న కొమ్ములు కొని మిల్లులో ఆడించుకోవడం మన పాత అలవాటే, అదే మంచిది. కాటుక విషయంలో పెద్దావిడలు నా మీద కోపం తెచ్చుకుంటారు గానీ, సుర్మా రకాలు చాలావరకు సీసం సమ్మేళనమే, పిల్లల కళ్ళకి పెట్టొద్దు, దిష్టికి కావాలంటే ఆముదం దీపం మసి అరికాలికో చెంపకో పెట్టండి. ఆంజనేయస్వామి గుళ్ళో ఇచ్చే నారింజరంగు సింధూరం కూడా కొన్ని రకాల్లో సీసపు ఆక్సైడ్ ఉంటది, చంటిపిల్లల నుదుట పెడితే చెమటకి జారి చేతికీ నోటికీ వెళ్ళుద్ది. మొలతాడు బిళ్ళలు, తాయెత్తులు చవకలోహంవి అయితే తీసెయ్యండి, పిల్లలు వాటిని చప్పరిస్తానే ఉంటారు.

నీళ్ళు: మరిగిస్తే క్రిములు చస్తాయి, లోహం పోదు, నీళ్ళు ఆవిరయ్యి ఇంకాస్త చిక్కబడద్ది కూడా. ఆర్వో అయితే సీసాన్ని, ఆర్సెనిక్ అనే ఇంకో విషాన్ని చాలావరకు ఆపుద్ది. అయితే అది కాల్షియంని కూడా తీసేస్తది, ఇప్పుడు ఊరూరా తాగేది క్యాన్ నీళ్ళే కాబట్టి కాల్షియం తిండిలోంచే రావాలి. పాత ఇత్తడి కుళాయి ఉంటే పొద్దున్నే మొదటి నీళ్ళు కాసేపు వదిలేసి తర్వాత పట్టుకోండి.

రెండో మెట్టు: టెస్టు

2020 డిసెంబర్లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ముందు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, తర్వాత పరీక్షల్లో వేళ్ళు పురుగుమందుల వైపు తిరిగాయి. ఆ భయానికి చాలామంది పిల్లలికి ఏవేవో టెస్టులు చేయించారు. జుట్టు టెస్టు, మందు మింగించి తర్వాత చేసే మూత్రం టెస్టు, ఇవి రెండూ పిల్లల విషయంలో నమ్మదగ్గవి కావు. కావాల్సింది నరంలోంచి తీసిన రక్తంతో సీసం పరీక్ష, దాంతోపాటు సీబీపీ (రక్తకణాల లెక్క, హిమోగ్లోబిన్), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష). వేలి కొసన గుచ్చి తీస్తే చర్మం మీది దుమ్ము కలిసి తప్పుడు ఎక్కువ చూపించొచ్చు, అలా వస్తే నరంలోంచి తీసి మళ్ళీ చూడాలి.

ఎవరికి చేయించాలి? పైన చెప్పిన వాటిల్లో ఏదైనా మీ ఇంట్లో ఉంటే, లేదా పిల్లలు మట్టి, బలపాలు, గోడ సున్నం తింటుంటే. బలపం తినడాన్ని చాలామంది నవ్వులాటగా చెప్తారు, అది ఐరన్ లోపానికి పెద్ద గుర్తు, పైగా ఆ మట్టీ పెచ్చులతోనే సీసం కూడా లోపలికి పోద్ది. చాలామంది పిల్లల్లో పైకి ఏమీ కనపడదు. కడుపునొప్పి, మలబద్ధకం, మందకొడిగా ఉండటం, మాటలు వెనకబడటం ఉంటే డాక్టర్‌కి చెప్పండి. వాంతులు ఆగకపోయినా, మత్తుగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా ఆ రోజే పెద్దాసుపత్రి.

నంబర్ ఎలా చదవాలంటే, సీసానికి ఇంతవరకు పర్లేదు అనే లెవెల్ ఏదీ లేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే పట్టించుకోమంటంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 దగ్గర మూలం వెతకమంటంది. 45, ఆపైన అయితే అది ఆసుపత్రి వ్యవహారం, కీలేషన్ మందులు, అంటే లోహాన్ని పట్టుకుని మూత్రంలో బయటికి పంపేవి, ఇస్తారు, అక్కడ మన సిరప్పులూ జావలూ పనికిరావు.

మూడో మెట్టు: ఐరన్

ఇక్కడే ఎక్కువ గందరగోళం. ముందు ఉచితంగా వచ్చేది వాడండి. అనీమియా ముక్త్ భారత్ అనే ప్రభుత్వ పథకం కింద 6 నెలల నుంచి 59 నెలల పిల్లలికి ఆశా కార్యకర్త దగ్గర ఐరన్ ఫోలిక్ యాసిడ్ సిరప్ ఉంటది, 1 ఎం.ఎల్‌లో 20 మి.గ్రా. ఐరన్, వారానికి రెండుసార్లు 1 ఎం.ఎల్ చొప్పున, కొలత పడే మూత దానికే ఉంటది. 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలికి వారానికోసారి గులాబీరంగు బిళ్ళ, 45 మి.గ్రా. ఇది నివారణ డోసు. హిమోగ్లోబిన్ తక్కువని తేలితే రోజూ కిలో బరువుకి 3 మి.గ్రా. లెక్కన ఇస్తారు, అది మాత్రం డాక్టర్ బరువు చూసి రాయాలి, పక్కింటి పిల్లోడి చీటీ తెచ్చి నా దగ్గర సిరప్ అడగొద్దండి, ఇవ్వను.

సీసా మీద చూడాల్సింది "ఎలిమెంటల్ ఐరన్" ఎంత అని. ఫెర్రస్ ఫ్యూమరేట్ 100 అని ఉంటే అందులో అసలు ఐరన్ 33 మాత్రమే. పెద్ద నంబర్ చూసి స్ట్రాంగ్ మందు అనుకుంటారు, చిన్న నంబర్ చూసి డబుల్ పోసేవాళ్ళూ ఉన్నారు.

తిన్నాక ఒక గంటకి, పాలకి దూరంగా, నిమ్మరసంతోనో జామముక్కతోనో ఇవ్వండి. పళ్ళు నల్లబడకుండా నాలిక వెనకవైపు వెయ్యండి, తర్వాత నీళ్ళు తాగించండి. విరోచనం నల్లగా వస్తది, భయం లేదు. జ్వరం, విరోచనాలు ఉన్న రోజుల్లో ఆపి తగ్గాక మళ్ళీ మొదలెట్టండి. తలసేమియా అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న పిల్లలికి, బాగా చిక్కిపోయిన పిల్లలికి డాక్టర్ చెప్పకుండా ఐరన్ వద్దే వద్దు. మేనరికం చేసుకున్న ఇళ్ళలో తలసేమియా మాట ఒకసారి డాక్టర్ దగ్గర ఎత్తండి, ఎర్రకణాలు చిన్నగా ఉన్నాయంటే అన్నిసార్లూ ఐరన్ లోపమే అవ్వక్కర్లేదు.

ఒక ప్రమాదం గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. గర్భిణీలకి ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మి.గ్రా. ఐరన్ ఉంటది. 10 కిలోల పిల్లోడు అలాంటివి ఒక పది మింగితే ప్రాణం మీదకొస్తది, అవి చూడ్డానికి చాక్లెట్ బిళ్ళల్లా ఉంటాయి. టీవీ పక్కన, ఫ్రిజ్ మీద పెట్టొద్దు, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

ఇంకో రెండు విషయాలు ఐరన్‌తోనే ముడిపడి ఉన్నాయి. నులిపురుగులు, ముఖ్యంగా కొంకిపురుగు, రక్తం పీల్చేస్తది, చెప్పుల్లేకుండా చేలో గట్ల మీద తిరిగే పిల్లలికి మామూలే, ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ వేస్తారు, 1 నుంచి 2 ఏళ్ళకి సగం బిళ్ళ, ఆపైన పూర్తి బిళ్ళ, మానొద్దు. రెండోది గేదె పాలు. పాడి ఉన్న ఇళ్ళలో రెండేళ్ళ పిల్లోడు అన్నం ముట్టకుండా రోజుకి లీటరు పాలు తాగుతాడని గొప్పగా చెప్తారు, ఆ పిల్లోడికే రక్తం తక్కువ ఉంటది. పాలల్లో ఐరన్ దాదాపు లేదు, పైగా ఉన్న ఐరన్‌ని పట్టనివ్వదు. రోజుకి అర లీటరు చాలు, టీ అసలు వద్దు.

నాలుగో మెట్టు: కాల్షియం, సిరప్ కొనే ముందు లెక్కేసుకోండి

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం 1 నుంచి 3 ఏళ్ళ పిల్లలికి రోజుకి 500 మి.గ్రా., 4 నుంచి 6 ఏళ్ళకి 550 కావాలి. పెద్ద గ్లాసుడు పాలో పెరుగో 300 దాకా ఇస్తది, రెండు మూడు చెంచాల రాగిపిండితో కాచిన జావలో 100, పప్పులో వేసిన మునగాకు, తోటకూర, ఒక నువ్వులుండ, అయిపోయింది. ఇది రోజూ తినే పిల్లోడికి కాల్షియం సిరప్ అక్కర్లేదు, అమ్మేవాణ్ణి నేనే చెప్తన్నా. మెత్తళ్ళు, చిన్న పరిగెలు ముల్లుతో సహా మెత్తగా నూరి పప్పన్నంలో కలపొచ్చు, ఎండువైతే ఉప్పు పోయేదాకా నానబెట్టి కడగాలి.

పాలు పడని పిల్లలికి, పెట్టింది పెట్టినట్టు ఉమ్మేసే పిల్లలికి సిరప్ కావాల్సి వస్తది. లేబుల్ మీద కాల్షియం కార్బొనేట్ 625 అంటే అసలు కాల్షియం 250. కాల్షియంకీ ఐరన్‌కీ కనీసం రెండు గంటలు తేడా ఉండాలి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి పెట్టుకుంటే గొడవ ఉండదు. ఆల్చిప్పల నుంచి, ఎముకల పొడి నుంచి తీసిన "నేచురల్" కాల్షియం పిల్లలికి వద్దు, ఆ రకాల్లో సీసం దొరికిన చరిత్ర ఉంది, సీసం తగ్గిద్దామని సీసం పోసినట్టవుద్ది.

విటమిన్ సి, జింక్

విటమిన్ సి తినే ఐరన్‌ని బాగా పట్టిస్తది, అందుకు బిళ్ళలు కొననక్కర్లేదు, ఒక జామకాయలో పిల్లోడి రోజంతటికీ కావాల్సిన దానికన్నా చాలా ఎక్కువ ఉంది, ఉసిరి సరేసరి. జింక్ విరోచనాలప్పుడు ఓఆర్ఎస్‌తోపాటు 14 రోజులు ఇస్తారు, సీసం కోసమని నెలల తరబడి పోస్తే రాగి లోపం వస్తది.

ఐదో మెట్టు: అన్నం, చేపలు

వరి నీళ్ళు నిలిచిన మడిలో పెరుగుద్ది కాబట్టి మట్టిలోని ఆర్సెనిక్‌ని మిగతా ధాన్యాల కన్నా ఎక్కువ లాక్కుంటది. బెంగాల్, బీహార్ బోరునీళ్ళ సమస్య వేరు, మనం దానితో పోల్చుకుని బెంబేలు పడక్కర్లేదు, కానీ మూడు పూటలా అన్నం తినే చోట చిన్న జాగ్రత్త మంచిదే. కుక్కర్లు రాకముందు మన అమ్మమ్మలు చేసింది అదే, ఎసరు ఎక్కువ పెట్టి గంజి వార్చడం. బియ్యానికి ఆరు నుంచి పది రెట్లు నీళ్ళు పోసి వారిస్తే హానికరమైన ఆర్సెనిక్‌లో 40 నుంచి 60 శాతం పోద్ది. బి విటమిన్లు కూడా కొంత పోతాయి, పప్పూ గుడ్డూ ఉంటే సర్దుకుంటది. ఆ గంజి చంటోడికి తాగించొద్దు. ఉగ్గు కూడా రోజూ బియ్యంతోనే కాకుండా ఒకరోజు రాగి, ఒకరోజు పెసరపప్పు, గోధుమ అలా మార్చండి.

చేపల్లో పాదరసం పెద్ద వేటచేపల్లో చేరుద్ది. సొరచేప, పెద్ద వంజరం పిల్లలికీ గర్భిణీలకీ వద్దు. బాలింతకి పాలు పడతాయని పాలసొర వండి పెట్టడం మన దగ్గర ఉంది, ఆ ప్రేమ అర్థమవుద్ది గానీ దాని బదులు శీలావతో బొచ్చో పెట్టండి. మెత్తళ్ళు, కానాగంతలు, పులస ఇవన్నీ పర్లేదు, పులస ముళ్ళు తీసి పిల్లలికి పెట్టే ఓపిక ఉంటే. పీత లోపల ఉండే పసుపుపచ్చ ముద్దలో కాడ్మియం అనే విషలోహం పేరుకుంటది, పిల్లలికి తెల్ల కండ మాత్రం పెట్టండి. ఇంట్లో చుట్ట, బీడీ, సిగరెట్ కాలిస్తే అదీ కాడ్మియమే, తాతగార్ని వీధిలోకి పంపించండి.

ఖాళీ కడుపుతో ఉంటే సీసం ఇంకా ఎక్కువ పట్టుద్ది, కాబట్టి పిల్లలు పొద్దున్నే ఏదో ఒకటి తినే ఆడుకోడానికి వెళ్ళాలి, వచ్చాక చేతులు కడగాలి.

ఇవి మాత్రం కొనొద్దు

కొత్తిమీర డ్రాప్స్, క్లోరెల్లా, స్పైరులినా, జియోలైట్, బంకమట్టి పొడి, ఇవేవీ పిల్లల ఒంట్లోంచి సీసం తీస్తాయని నిరూపణ లేదు, కొన్ని మట్టి పొడుల్లోనే సీసం దొరికింది. కొత్తిమీర పచ్చడి తినండి, ఎవరొద్దన్నారు. నాగభస్మం అంటే సీసం, రససింధూరం అంటే పాదరసం, ఎంత పేరున్న వైద్యుడిచ్చినా పసిపిల్లలికి వద్దు. 2004లో అమెరికా బోస్టన్ షాపుల్లో దక్షిణాసియా నుంచి వెళ్ళిన ఆయుర్వేద మందులు 70 పరీక్షిస్తే 14లో సీసమో పాదరసమో ఆర్సెనికో ఉంది. ఇక ఇంటి దగ్గర కీలేషన్ అనే మాటే వద్దు, అమెరికాలో 2005లో తప్పు రకం ఈడీటీఏ అనే కీలేషన్ మందు ఎక్కించడం వల్ల పిల్లలు చనిపోయారు. ఆసుపత్రిలో సరైన మందు ఇచ్చినా, సీసం నంబర్ 20 నుంచి 44 మధ్య ఉన్న పిల్లల్లో రక్తంలో సీసం తగ్గింది గానీ తెలివితేటల పరీక్షల్లో మెరుగు కనపడలేదు, అది 2001లో వచ్చిన పెద్ద అధ్యయనం. లోపలికి వెళ్ళకముందే ఆపాలని నేను ఇంతసేపు గోల పెట్టేది అందుకే.

ఆఖరి మెట్టు: మళ్ళీ టెస్టు

రక్తంలో సీసం సగానికి దిగడానికి సుమారు నెల పడద్ది, ఎముకల్లో చేరినది ఏళ్ళ తరబడి ఉంటది, నెమ్మదిగా రక్తంలోకి దిగుతానే ఉంటది. కాబట్టి పది రోజులకే టెస్టు చేయించి తగ్గలేదని కంగారు పడొద్దు, నంబర్ బట్టి 1 నుంచి 3 నెలలకి డాక్టర్ రమ్మంటారు. అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించండి, పాత రిపోర్టు పట్టుకెళ్ళండి. ఐరన్ కోర్సు హిమోగ్లోబిన్ పెరగ్గానే ఆపెయ్యొద్దు, నిల్వలు నిండటానికి ఇంకా రెండు మూడు నెలలు పడద్ది, ఎప్పుడు ఆపాలో ఫెరిటిన్ చూసి డాక్టర్ చెప్తారు.

ఐరన్ పెరిగి సీసం మాత్రం దిగకపోతే మూలం ఇంకా ఎక్కడో ఉందని. అప్పుడు మళ్ళీ మొదటి మెట్టుకే వెళ్ళాలి, ఈసారి మీ ఇల్లొక్కటే కాదు, పిల్లోడు పగలంతా ఉండే అమ్మమ్మగారిల్లు, అంగన్‌వాడీ, పక్కింటి వల వసారా, వీధి చివర బ్యాటరీ షాపు ముందు మట్టి, అన్నీ చూసుకుంటూ రండి.